పాలు కాని పాలు

మా అమ్మాయి సెలవులకి ఇంటికొచ్చింది. వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనంలో కూరా, పప్పూ, చారూ అన్నీ బుద్ధిగా తింది. చివర్న వాళ్ళ అమ్మమ్మ గడ్డపెరుగు గిన్నె ముందుకి జరిపేసరికి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దమ్మమ్మా, నేను పాలూ పెరుగూ మానేశాను."

"ఏటే, ఒంట్లో బాగులేదా?"

"బాగానే ఉంది. నేనిప్పుడు వీగన్ని."

అమ్మ నా మొహంలోకి చూసింది. అదేదో కొత్త ఉద్యోగం అనుకుందో, కొత్త జబ్బు అనుకుందో నాకు తెలియదు. సబ్బవరంలో మా ఇంట్లో అంతవరకూ ఆ మాట ఎవరూ పలకలేదు. మాంసమూ గుడ్లే కాక పాలు, పెరుగు, నెయ్యి, తేనె, జంతువు నుంచి వచ్చేది ఏదీ ముట్టనివాళ్ళని అలా అంటారనీ, 1944లో ఇంగ్లాండులో డొనాల్డ్ వాట్సన్ అనే ఆయన 'వెజిటేరియన్' అనే మాటలో తలా తోకా తీసుకుని ఆ పేరు పెట్టాడనీ మా అమ్మాయి వివరించింది. అమ్మ అంతా విని, పెరుగు గిన్నె మీద మూత పెట్టి, "పోనీ మేకపాలు తాగుతావా?" అంది.

నేను పక్కున నవ్వాను. ఎందుకంటే ఈ ప్రశ్న ఇంతకుముందు ఇంకో ఇల్లాలు అడిగింది. గాంధీగారు దక్షిణాఫ్రికాలో ఉండగా 1912లో పాలు మానేశారు. ఆవుల్నీ గేదెల్నీ ఆఖరి చుక్క వరకూ పిండడానికి పాడివాళ్ళు పెట్టే హింస గురించి తెలిశాక, ఆ మానేయడం వ్రతమే అయింది. తర్వాత 1918లో ఇక్కడ జబ్బు చేసి, మనిషి ఎముకల గూడైపోయినా పాలు మాత్రం వద్దన్నారు. డాక్టరు తల పట్టుకున్నాడు. అప్పుడు మంచం పక్కన నిలబడి ఉన్న కస్తూర్బా, మీరు ఒట్టు పెట్టుకున్నది ఆవుపాలూ గేదెపాలూ గురించే కదా, మేకపాలకి అభ్యంతరం ఏమిటన్నారు. ఆయన లొంగిపోయారు. అక్షరం నిలిచింది గానీ ఆత్మ నిలవలేదని తర్వాత ఆత్మకథలో ఆయనే బాధపడ్డారు. పెద్ద పెద్ద డాక్టర్లకి తోచని దారి వంటింటి మనిషికి తోచిందని నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

మా అమ్మాయి మాత్రం గాంధీగారిలా లొంగలేదు. మేకపాలూ వద్దంది. ఆ రాత్రి అమ్మ కూడా పెరుగేసుకోకుండానే లేచిపోయింది. డెబ్బై ఏళ్ళ మనిషి. "గుంట తినకపోతే నాకు మాత్రం ఏటి దిగుతాది?" అంది. రెండు రోజులు ఇలాగే సాగింది. ఒకరు సిద్ధాంతం కొద్దీ, ఒకరు పంతం కొద్దీ. మధ్యన గేదెపాలు పోసే అప్పలమ్మకి ఏం చెప్పాలో తెలియక నేను.

మూడోనాడు మా అమ్మాయే ఫోనులో చూసి చెప్పింది. విశాఖపట్నంలో మొక్కల నుంచి తయారుచేసే ఆహార పదార్థాల వర్తక ప్రదర్శన జరుగుతోందట. పాలు లేని పెరుగు కూడా అక్కడ దొరుకుతుందట. పాలు లేని పెరుగు అనగానే అమ్మ కొంగు దోపుకుని ప్రయాణానికి సిద్ధపడింది. అబద్ధం ఆడేవాణ్ణి ఎదురుగా పట్టుకుందామనే మనిషిలా ఉంది వాలకం.

పెందుర్తి మీదుగా బస్సులో వెళ్ళాం. హాలు గుమ్మం దగ్గర మెళ్ళో వేసుకునే చీటీలు రాస్తున్నారు. వర్తక ప్రదర్శన కదా, వచ్చినవాళ్ళు ఏ సంస్థ తరఫునో రాయాలిట. చీటీ రాసే కుర్రాడు "మీ సంస్థ పేరు మేడమ్?" అని అడిగితే నేను నీళ్ళు నమిలాను. అమ్మ తొణక్కుండా "వంటిల్లు, సబ్బవరం" అంది. కుర్రాడు నవ్వలేదు, అలాగే రాసి ఇచ్చాడు. రోజంతా మా మెడల్లో అదే సంస్థ వేలాడింది.

ప్రదర్శన గుమ్మం అంటే మన ఆడవాళ్ళు తలుచుకోవలసిన కథ ఒకటుంది. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగినప్పుడు పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. గుమ్మం దగ్గర టిక్కెట్లు చూసే వాలంటీరు పద్నాలుగేళ్ళ పిల్ల. టిక్కెట్టు లేకుండా వచ్చిన పెద్దమనిషిని ఆ పిల్ల లోపలికి పోనివ్వలేదు. ఆ పెద్దమనిషి జవహర్‌లాల్ నెహ్రూ, ఆ పిల్ల దుర్గాబాయి. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి టిక్కెట్టు కొనిచ్చాకే దారి ఇచ్చింది. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుని మాట్లాడింది ఆ పిల్లే. ఆ రోజుల్లో ప్రదర్శన అంటే సరుకు అమ్ముకోవడం ఒక్కటే కాదు, ఏం కట్టుకోవాలో ఏం తినాలో ఎవరి సొమ్ము ఎవరికి చేరాలో జనానికి నచ్చజెప్పే చోటు. హైదరాబాదులో 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్సులో మొదలుపెట్టిన నుమాయిష్ కూడా స్థానిక సరుకుకి గిరాకీ పెంచాలనే పుట్టింది. ఇప్పుడు మనం మిక్సీలూ దుప్పట్లూ కొనుక్కోవడానికి వెళ్తున్నాం గానీ.

సరే, లోపలికి వెళ్దాం.

మొదటి వరసంతా పాలే. బాదం పాలు, సోయా పాలు, ఓట్స్ పాలు, జీడిపప్పు పాలు, కొబ్బరి పాలు. అందమైన అట్టపెట్టెలు. వెల చూస్తే ఒక్కొక్కటి మా ఇంటికొచ్చే గేదెపాలకి నాలుగింతలుంది. విచిత్రం, సగం పెట్టెల మీద 'పాలు' అన్న మాట లేదు. 'పానీయం' అని ఉంది. స్టాలులో అమ్మాయిని అడిగితే అది చట్టం తాలూకు గొడవండీ అంది. మన దేశపు ఆహార ప్రమాణాల సంస్థ, జంతువు పొదుగు నుంచి రానిదాన్ని పాలు అనకూడదంది. 2021లో ఆ పేరుతో అమ్మే సరుకుని ఆన్‌లైన్ అంగళ్ళలోంచి తీసేయమంది. తయారీదారులు కోర్టుకెక్కారు. కొబ్బరి పాలకి మాత్రం మినహాయింపు. తరతరాలుగా ఉన్న పేరు కాబట్టి.

తగవు తీర్చడం నా వల్ల కాదు, లా యూనివర్సిటీ మా సబ్బవరంలోనే ఉంది, అక్కడి పిల్లలు తేలుస్తారు. కానీ తెలుగుదానిగా ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. మన భాషకి ఈ పేచీ ఎన్నడూ లేదు. మర్రికి పాలున్నాయి, జిల్లేడుకి పాలున్నాయి. వరికంకి గింజ కట్టే ముందు పాలు పోసుకుంటుంది. లేత మొక్కజొన్న పొత్తు పాలమీద ఉందంటాం. పసిపిల్లలకి గోధుమపాలు తీసి పోస్తాం. చంటిబిడ్డ తల్లి మొదలు చేలో కంకి దాకా, తనలోంచి పిండి ఇంకొకరికి ఇచ్చేదానికి మనవాళ్ళు ఒకటే పేరు పెట్టుకున్నారు. ఏ గజెట్టూ అడ్డం రాలేదు.

రెండో వరసలో మాంసం కాని మాంసం, గుడ్డు కాని గుడ్డు. సీసాలో పసుపుపచ్చగా చిక్కటి ద్రవం ఉంది. పెనం మీద పోస్తే ఆమ్లెట్టవుతుందట. దేనితో చేశారంటే పెసరపప్పుతో అన్నారు. స్టాలు కుర్రాడు పోసి, తిప్పి, ముక్క చేసి కాగితం పళ్ళెంలో పెట్టిచ్చాడు. అమ్మ నోట్లో వేసుకుని కాసేపు ఆలోచించింది.

"పెసరట్టే కదే ఇది! అల్లం మర్సిపోయినాడు."

ఆ కుర్రాడు ఎక్కడివాడో గానీ మన వైపువాడే. "అవునండీ మామ్మగారూ, ఆ మాట మా అమ్మా అంది" అని ఒప్పేసుకున్నాడు.

పనసకాయ కబాబుల దగ్గరా అదే తంతు. మనకి పనసపొట్టు ఆవ పెట్టిన కూర పెళ్ళివంట. పచ్చి పనసకాయని చేతికి నూనె రాసుకుని, కత్తితో టకటకా కొట్టి పొట్టు తీసేవాళ్ళ దగ్గర నిలబడి కొనుక్కుంటాం. మాంసం బదులని తినం, పనసపొట్టు అనే తింటాం. ఇక్కడ అదే కాయకి మాంసం వేషం వేశారు. వేషం వేయడం మనకీ కొత్తేం కాదు లెండి. బలి ఇవ్వవలసిన చోట బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, పసుపూ సున్నమూ కలిపి ఎర్రనీళ్ళు చేసి సరిపెట్టుకున్న జాతి మనది. మధ్వ సంప్రదాయంలో యజ్ఞపశువునే పిండితో చేసి పెట్టుకున్నారు. మీల్ మేకర్ అని మనం వేపుళ్ళలో వేసే ఉండలున్నాయి చూశారూ, అవీ వేషమే. నూనె తీసేసిన సోయా పిండిని యంత్రంలో వేడి మీద ఒత్తి, పీచు పీచుగా మాంసంలా పొంగించడం 1960ల్లో అమెరికాలో పట్టిన విద్య. మన ఇళ్ళల్లో అది ఎంత కలిసిపోయిందంటే, దేనికి బదులో ఎవరికీ గుర్తులేదు.

ఇంత నడిచాక పెరుగు దొరికింది. జీడిపప్పు రుబ్బి తోడుపెట్టిందట. జీడిమామిడి పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టు. మా వైపు ఎర్రమట్టి నేలల్లో తోటలే ఉన్నాయి. కాబట్టి ఒక రకంగా మా ఊరి పెరుగే. మా అమ్మాయి చెంచాతో తిని కళ్ళు మూసుకుంది. అమ్మ వాసన చూసింది, నాలిక మీద రాసుకుంది, గిన్నె కింద పెట్టేసింది.

"బాగులేదా అమ్మమ్మా?"

"బాగుంది. బాగున్నాదనే బయం. డాల్డా కూడా ఇలాగే బాగుండేది."

డాల్డా! ఆ మాటతో అమ్మ మమ్మల్ని అక్కడే కుర్చీల్లో కూలేసింది. ఆవిడ చెప్పింది ఆవిడ కథ. నేను చదువుకున్నది ఇంకో కథ. రెండూ కలిపి చెప్తాను.

నూనెలోకి నికెల్ లోహం సాయంతో హైడ్రోజన్ వాయువు పంపిస్తే నూనె గడ్డకట్టి, పూసకట్టిన నెయ్యిలా తయారవుతుంది. దాన్నే వనస్పతి అన్నారు. పేరు చూడండి, ఎంత ముచ్చటగా ఉందో! మొదట్లో హాలెండు నుంచి దిగుమతయ్యేది. తెప్పించే కంపెనీ పేరు దాదా అనీ, సబ్బుల లీవర్ కంపెనీవాళ్ళు తమ పేరులోని 'ఎల్' అక్షరం అందులో ఇరికించి డాల్డా చేశారనీ చెప్తారు. 1937లో డాల్డా మన బజారులోకి వచ్చింది. నెయ్యి తప్ప ఎరగని ఇల్లాళ్ళ చేత నెయ్యి కానిదాన్ని ఎలా కొనిపించాలి? వాళ్ళు చేసిన పని ఇవాళ ఈ హాల్లో చేస్తున్న పనే. వీధుల్లో స్టాళ్ళు పెట్టారు. జనం ఎదుటే వేయించి చేతిలో పెట్టి రుచి చూడమన్నారు. డబ్బా ఆకారంలో బండి చేయించి ఊళ్ళు తిప్పారు. సినిమా తీసి చూపించారు. వంటల పుస్తకాలు అచ్చేశారు. కొన్నేళ్ళకి కంపెనీ పేరు సరుకు పేరే అయి కూర్చుంది. ఎవరు తయారుచేసినా డాల్డాయే. డబ్బా ఖాళీ అయితే కందిపప్పు పోసుకోవడానికి, అదీ తుప్పుపడితే అడుగున చిల్లు పెట్టి తులసిమొక్క వేసుకోవడానికి. మీ పెరట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది.

గొడవా అంత పెద్దదే అయింది. వనస్పతి దొంగచాటుగా నేతిలో కలిసిపోతోందని దేశమంతా అలజడి. గాంధీగారు వ్యతిరేకించారు. స్వాతంత్ర్యం వచ్చాక నిషేధించమని పార్లమెంటులో బిల్లులు, కుప్పలు కుప్పలుగా ఉత్తరాలు. నెహ్రూ ప్రభుత్వం దేశం అభిప్రాయమే సేకరించింది, అటూ ఇటూ తేలలేదు. కనీసం రంగైనా కలపండి, చూడగానే తెలుస్తుందన్నారు. నిలిచే రంగు దొరకలేదు. చివరికి దొరికిన ఉపాయం నాకు భలే నచ్చుతుంది. ప్రతి వనస్పతిలోనూ నూటికి 5 వంతులు నువ్వుల నూనె ఉండి తీరాలన్నారు. రంగు లేదు, రుచి తెలియదు. కానీ అనుమానం వచ్చిన నేతిని కరిగించి, హైడ్రోక్లోరిక్ ఆమ్లమూ చిటికెడు పంచదారా కలిపి కుదిపితే ఆమ్లం ఎర్రబడుతుంది. నువ్వులు సాక్ష్యం చెప్పినట్టు. నేతిలో దాక్కున్న దొంగ గుట్టు నువ్వుగింజ బయటపెట్టిందన్నమాట.

ఇక అమ్మ కథ. అమ్మ పెళ్ళినాటికి అమ్మమ్మకి రెండు గేదెలుండేవి. ఏడాది పొడుగునా వెన్న తీసి, కాచి, నెయ్యి అనకాపల్లిలో అమ్మి, ఆ డబ్బుతో పెళ్ళి బట్టలు కొంది. నెయ్యంతా అమ్మేశాక మరి లడ్డూలకేదీ? డాల్డా. మగపెళ్ళివారిలో ఒకాయన లడ్డూ నలిపి వాసన చూసి, పదిమందిలో "డాల్డా" అని ఒక్క మాట అన్నాడట. ఎర్రబడటానికి ఆమ్లం అక్కర్లేకపోయింది, అమ్మమ్మ మొహమే ఎర్రబడింది. యాభై ఏళ్ళు దాటినా అమ్మ ఆయన పేరు చెప్పదు, నేను రాయను.

"ఆయన కట్టుకున్న పంచె మా నెయ్యి డబ్బుతో కొన్నదే" అంది అమ్మ, జీడిపప్పు పెరుగు వంక చూస్తూ.

మా అమ్మాయి చెంచా నాకడం ఆపేసింది.

డాల్డా కథకి ఆఖరి అధ్యాయం డాక్టర్లది. నూనెని సగం సగం గడ్డకట్టిస్తే పుట్టే ట్రాన్స్ కొవ్వులు గుండెకి చేటని 1990ల నుంచి గట్టిగా రుజువవుతూ వచ్చింది. మన దేశంలో నూనెల్లో, వనస్పతిలో అవి నూటికి 3 వంతులు మించరాదని 2021లోనూ, 2 వంతులు మించరాదని 2022 జనవరి నుంచీ కట్టడి చేశారు. స్టాలు పెట్టి రుచి చూపించిన నాటికీ దీనికీ ఎనభై ఏళ్ళ పైచిలుకు. నాలిక ఒక్క నిమిషంలో తీర్పు చెప్తుంది. ఒంటి తీర్పు రావడానికి మూడు తరాలు పట్టింది. ఇక్కడి పెట్టెల్లో ఉన్నవన్నీ అలాంటివేనని నేననను. సోయా పాలు చైనావాళ్ళు ఎన్నో తరాలుగా తాగుతున్నారు. గాంధీగారు కూడా 1935లో వార్ధాలో ఆశ్రమవాసులకి సోయా చిక్కుడు పెట్టి చూశారు. కానీ పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఏం రాసుందో కళ్ళజోడు పెట్టుకుని చదివాకే కొన్నాను.

ఇంకో సంగతి. ఈ పాలు కాని పాలు మొదట కలవారి కోసం పుట్టలేదు మన దేశంలో. మైసూరులో 1950లో ఏర్పడ్డ కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవాళ్ళు, నూనె తీసిన వేరుశనగ పిండి 75 పాళ్ళు, వేయించిన శనగపిండి 25 పాళ్ళు కలిపి, విటమిన్లూ సున్నపు ధాతువూ చేర్చి బహుళార్థ ఆహారం అని తయారుచేశారు. పాలు చాలని దేశంలో పిల్లల ఎముకలు నిలబెట్టాలని. వేరుశనగ మాంసకృత్తులు పాలలో కలిపి మిల్టోన్ అనే పానీయమూ చేశారు, బెంగళూరులో అమ్మారు కూడా. మంచి వస్తువులే. కానీ ఇది బీదవాళ్ళ కోసం అని తెలిస్తే ఏ తల్లైనా బిడ్డకి పట్టడానికి వెనకాడుతుంది. 1970లో పాల వెల్లువ పథకం వచ్చింది, పాలు పెరిగాయి, ఆ డబ్బాలు మరుగునపడ్డాయి. ఇప్పుడు అదే రకం సరుకు నాలుగింతల వెలకి, నిగనిగలాడే పెట్టెలో వచ్చింది. వెనకాడేవాళ్ళెవరూ కనిపించలేదు.

వచ్చేద్దామనుకుంటుంటే చివరి వరసలో అమ్మ ఆగిపోయింది. నల్లటి చిన్న గింజలు గాజు గిన్నెలో పోసి పెట్టారు. పక్కన పొట్లాలు. రాగి మాల్టు, రాగి బిస్కట్లు, రాగి పాలు. గోడ మీద 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిందన్న బొమ్మ. అమ్మ గుప్పెడు తీసి అరచేతిలో ఆడించింది.

"చోళ్ళు" అంది. ఇంకేం అనలేదు.

మా వైపు రాగుల్ని చోళ్ళంటాం. చోడి అంబలి తాగి పొలానికి పోయేవాళ్ళు, వరన్నం పండక్కి. తెల్లన్నం తినడం అంటే పైకి రావడం. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఇంటింటా తెల్లన్నమే అయింది. ఆకలి తీర్చిన పథకం, దాన్ని నేను చిన్నబుచ్చను. కానీ తెల్లన్నం మీద మన మోజుకి అంతకు ముందే ఒక చరిత్ర ఉంది, అది సరిగ్గా మన జిల్లాలదే. ఆడవాళ్ళు రోకళ్ళతో దంపుకున్న బియ్యంలో తవుడు పొర కొంత మిగిలేది. మరపట్టిన తెల్లబియ్యంలో అది లేదు. ఆ పొరలోనే బి1 విటమిన్ ఉంటుంది. అది కరువైతే కాళ్ళు తిమ్మిరెక్కి, ఒళ్ళు నీరుపట్టి, గుండె ఆగిపోయే బెరిబెరి వస్తుంది. జావాలో ఐక్‌మన్ అనే డాక్టరు మరపట్టిన బియ్యం తిన్న కోళ్ళకి ఇలాంటి జబ్బే రావడం గమనించాడు, 1929లో నోబెల్ బహుమతి పొందాడు. మన దేశంలో ఆ జబ్బు ప్రధానంగా ఎక్కడుండేదో తెలుసా? ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా తెలుగు జిల్లాల్లో. విశాఖతో సహా. ఉప్పుడు బియ్యం తినే అరవదేశంలో, చిరుధాన్యాలు తినే మెట్టప్రాంతాల్లో అది అంతగా కనబడలేదు. 1918లో మెకారిసన్ అనే దొర కూనూరులో ఒక చిన్న గదిలో బెరిబెరి విచారణ కేంద్రం మొదలుపెట్టాడు. అదే పెరిగి పెరిగి, 1958లో హైదరాబాదుకి మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఏ గింజలో ఏముందో దేశానికి చెప్పే ఆ గొప్ప సంస్థకి విత్తనం వేసింది మనబోటి తెల్లన్నం మనుషుల జబ్బు.

ఆ సంస్థ పాత పట్టికల్లో, నూరు గ్రాముల చోళ్ళలో సున్నపు ధాతువు 344 మిల్లీగ్రాములు. గేదెపాలలో 210, ఆవుపాలలో 120. పొడిపిండికీ నీళ్ళ పాలకీ పోలిక ఏమిటని మీరడగవచ్చు. నిజమే, గ్లాసు అంబలిలో పిండి పడేది కొంచెమే. అయినా పాలు లేని ఇంట్లో ఆ కొంచెమే పిల్లల్ని నిలబెట్టింది.

బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. పెందుర్తి దాటాక మా అమ్మాయితో మెల్లిగా అంది, "నాకు నీ వయసొచ్చేదాకా మజ్జిగెరగను."

నేను ఉలిక్కిపడ్డాను. నలభై ఏడేళ్ళుగా ఆవిడ కూతుర్ని, ఈ మాట ఎన్నడూ వినలేదు. మా ఇంట్లో పెరుగన్నం లేకుండా లేస్తే గృహప్రవేశం నాడు దీపం ఆరినంత అపచారం.

చిన్నప్పుడు ఇంట్లో ఒక్కటే గేదె. పాలు తెల్లారకముందే కాఫీ హోటలుకి పోయేవి, చుక్క మిగలకుండా. గేదె ఇంట్లో ఉంది, పాలు మాత్రం ఊళ్ళోవి. అంబలిలోకి మజ్జిగేది? తరవాణి. అన్నం వార్చిన గంజీ, బియ్యం కడిగిన నీళ్ళూ మట్టికుండలో పోసి పులవనిచ్చేవారు. ఏ రోజు గంజి ఆ రోజు చేర్చడం, తీసుకున్నంత తీసుకోవడం. చోడిపిండి రాత్రి నానేసి, పొద్దున నూకలు ఉడుకుతుండగా పోసి జావ కాచి, చల్లారాక ఆ తరవాణి పోసి, ఉప్పూ ఉల్లిపాయా పచ్చిమిరపకాయా నంజుకుని తాగేవారు.

"అంటే అమ్మమ్మా, నువ్వు చిన్నప్పుడు వీగన్‌వే" అంది మా అమ్మాయి.

"కాదు. లేక" అంది అమ్మ.

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. మా అమ్మాయి మొహం చిన్నబోయింది. కావాలని మానడానికీ, లేక మానడానికీ మధ్య ఎంత దూరముందో ఆ పిల్లకి అప్పుడు తెలిసిందనుకుంటాను. నాకూ అప్పుడే తెలిసింది.

"మరి ఆ కుండేమయింది?" అని అడిగాను కాసేపటికి.

"నిన్ను కాన్మెంటులో ఎయ్యడానికి మీ నాన్న ఎవరో మేస్టర్ని ఇంటికి తెచ్చినారు. వంటింట్లోంచి పులుపు వాసనొస్తన్నాదని పెరట్లో పారేసినాను. మళ్ళీ పెట్టలేదు."

మర్నాడు పొద్దున్నే మా అమ్మాయి బజారుకి వెళ్ళి కొత్త మట్టికుండ కొనుక్కొచ్చింది. అమ్మ ఇంతకు ముందే కిరాణా కొట్టు నుంచి చోళ్ళు తెప్పించి, పొట్లం చింపి, రాళ్ళున్నాయని సణుగుతూ చాటలో చెరుగుతోంది. కుండ చూసి, గోరుతో తట్టి మోత విని, సరేనంది. నీళ్ళు పోసి ఒక పూట నానబెట్టి, కడిగి, వేడి గంజి చల్లార్చి పోసింది. పక్కన నిలబడ్డ మనవరాలితో, "మూత బిగించీకు. గుడ్డ కట్టు, ఊపిరాడాలి" అంది.

మూడు రోజులకి గానీ పులవదట. ఇవాళ రెండోరోజు. వంటింట్లో అప్పుడే వాసన మొదలైంది. సాయంత్రం పక్కింటి వదినగారు వచ్చి ముక్కు ఎగబీల్చి "ఏమిటి వదినా ఈ వాసన?" అంది. నేను సమాధానం వెతుక్కుంటున్నాను.

అమ్మ లోపల్నుంచే కేకేసింది, "తరవాణి పెట్టినామమ్మా. ఎల్లుండి రా, పోస్తాను."